సముద్రమంటే భయపడే ఇంట్లో స్నార్కెలింగ్: ఒమాన్ ఫిన్స్ బీచ్‌లో రెండు రోజులు

మస్కట్ నుంచి మళ్లీ నేనే. పోయిన శుక్ర, శనివారాలు, అంటే ఇక్కడ మా వీకెండ్, పిల్లలతో కలిసి ఫిన్స్ బీచ్‌లో టెంట్ వేసుకుని ఉన్నాం. మా పాప మొదటిసారి సముద్రంలో స్నార్కెలింగ్ చేసింది. దానికి పదకొండేళ్లు. చేపల క్లిప్పులు మధ్యమధ్యలో వేస్తాను, చూడండి. దానికి ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే ఒక బీచ్ ట్రిప్‌కి మేము ఇంత హడావుడి ఎందుకు పడ్డామో మీకు అర్థం కాదు.

మా అత్తగారిది బాపట్ల. సూర్యలంక బీచ్ అక్కణ్నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఇరవై ఏళ్ల కిందట మా ఆయన పిన్ని కొడుకు, ఇంట్లో అందరూ చిన్నా అని పిలిచేవాళ్లు, ఇంటర్ సెకండియర్. కార్తీక మాసంలో ఫ్రెండ్స్‌తో సముద్ర స్నానానికి వెళ్లాడు. దిగింది నడుం లోతు నీళ్లల్లోనే. ముగ్గురు కొట్టుకుపోతుంటే జాలరివాళ్లు ఇద్దర్ని బయటికి లాగారు. చిన్నా మర్నాడు దొరికాడు.

ఆ తర్వాత మా అత్తగారి ఇంట్లో ఎవ్వరూ సముద్రంలో కాలు పెట్టలేదు. మా ఆయన మస్కట్ వచ్చి పన్నెండేళ్లయింది. ఊరు మొత్తం సముద్రం ఒడ్డునే ఉంటుంది. అయినా బీచ్‌కి వెళ్తే ప్యాంటు చీలమండ దాకా మడిచి, చేతిలో టీ కప్పుతో నిలబడతారు. అంతే. దానికి తోడు ఆయన ఉద్యోగం సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్. ఎవడు హెల్మెట్ పెట్టుకోలేదు, ఎవడు బెల్ట్ కట్టుకోలేదు అని చూడటమే రోజంతా పని. (నవ్వు) అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి మా పాప, "నాన్నా, నేను స్నార్కెలింగ్ చేస్తా" అంది. వాళ్ల క్లాసులో మలయాళీ అమ్మాయి ఒకతి ప్రతి నెలా చేస్తుందట.

ఆయన కాదనలేదు. రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా తిరిగి, మూడో రోజు ఒక ఏ-ఫోర్ కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించారు. అందులో అన్నీ షరతులే. పాప స్కూల్ పూల్‌లో రెండేళ్లుగా ఈత నేర్చుకుంటోంది కాబట్టి మొదటి షరతు పాసైంది. మిగతావాటి కోసం నెలరోజులు పట్టింది.

స్నార్కెలింగ్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కళ్లూ ముక్కూ కప్పేసే మాస్క్ ఒకటి, నోట్లో పెట్టుకునే గొట్టం ఒకటి. నీళ్ల మీద బోర్లా తేలుతూ, మొహం నీళ్లల్లో పెట్టి, గొట్టంలోంచి గాలి పీలుస్తూ కిందకి చూస్తాం. లోపలికి మునిగేది డైవింగ్. ఇది పైన తేలడమే. ఉప్పు నీళ్లు మనిషిని పూల్ నీళ్ల కన్నా బాగా తేలుస్తాయి కూడా.

ఆ గొట్టం మూరెడు కూడా ఉండదు. ఇంకా పొడుగ్గా చేస్తే ఇంకా లోతుకి వెళ్లొచ్చుగా అని మా బాబు అడిగాడు. వాడికి ఆరేళ్లు, కానీ ప్రశ్న మంచిదే. గొట్టం పొడుగైతే మనం వదిలిన గాలే అందులో మిగిలిపోయి, మళ్లీ దాన్నే పీలుస్తాం. ఇంకోటి, లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు ఛాతీని నొక్కేస్తాయి. పై నుంచి గాలి లాక్కోవడానికి మన ఊపిరితిత్తులకి ఆ బలం చాలదు. అందుకే ఆ సైజులోనే ఉంటుంది.

మాస్క్ కొనేటప్పుడు ఒక చిట్కా. తాడు తగిలించుకోకుండా మాస్క్‌ని మొహానికి ఆనించి, ముక్కుతో చిన్నగా గాలి లోపలికి లాగండి. చెయ్యి తీసేసినా మాస్క్ అలాగే అతుక్కుని ఉంటే అది మీ మొహానికి సరిపోయినట్టు. ఒక్క వెంట్రుక మధ్యలో ఉన్నా నీళ్లు కారతాయి. మా ఆయనకి మీసం ఉంది. షాపతను చాలా మర్యాదగా, "సార్, మీసం తీసేస్తే బాగా పడుతుంది" అన్నాడు. ఆయన ఎలా చూశారంటే, వాడు వెంటనే "లేదంటే వాజలీన్ రాసుకోండి" అన్నాడు. (నవ్వు) మా ఇంట్లో నాలుగు మాస్కులూ, ఒక వాజలీన్ డబ్బా ఉన్నాయి ఇప్పుడు. మొహం మొత్తం కప్పేసే మాస్కులు కూడా అమ్ముతున్నారు, చూడ్డానికి బాగుంటాయి. పిల్లలకి నేనైతే కొనను. నీళ్లు లోపలికి వస్తే గబుక్కున ఉమ్మేసి సర్దుకోవడం వాటితో కష్టం.

ఇక ప్రయాణం. మస్కట్ నుంచి ఫిన్స్ 150 కిలోమీటర్ల లోపే. సూర్ వెళ్లే హైవే మీద గంటన్నర. ఒక పక్క గోధుమ రంగు కొండలు, ఇంకో పక్క సముద్రం. మాతో పాటు పాప ఫ్రెండ్ వాళ్ల కుటుంబం కూడా వచ్చింది. ఆ అమ్మాయి నాన్న కొల్లంలో సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనిషి.

నేరుగా బీచ్‌కి వెళ్లలేదు. కాగితంలో నాలుగో షరతు ప్రకారం దారిలో బిమ్మా సింక్‌హోల్ దగ్గర ఆగాం. మీరు ఫొటోల్లో చూసే ఉంటారు, నేలలో పెద్ద గుండ్రటి గొయ్యి, అడుగున పచ్చ రాయిలాంటి నీళ్లు. సున్నపురాయి లోపల్లోపల కరిగి, పైకప్పు కూలిపోవడం వల్ల అలా అయింది. ఊళ్లోవాళ్లు మాత్రం ఆకాశం నుంచి నక్షత్రం పడి అయిందంటారు. దాని అరబిక్ పేరు హవియత్ నజ్మ్‌లో నజ్మ్ అంటే నక్షత్రమే. మెట్లు దిగి కిందికి వెళ్లాలి. అలలు అస్సలుండవు. మెట్ల దగ్గర లోతు తక్కువ. ప్రాక్టీసుకి ఇంతకన్నా మంచి చోటు లేదు.

అక్కడే పాప అసలు పని నేర్చుకుంది. మాస్క్‌లోకి కావాలని కాసిని నీళ్లు పోనివ్వడం, ముక్కుతో గట్టిగా ఊది వాటిని బయటికి పంపడం. గొట్టంలో నీళ్లు పోతే, నోటితో ఫట్‌మని ఊది పైకి చిమ్మడం. మొదటి మూడుసార్లు దగ్గు, ఏడుపు. కొల్లం అన్నయ్య ఒకటే చెప్పారు: "ఊపిరి తీసుకోవడం కన్నా వదలడం మీద ధ్యాస పెట్టు, వదిలితే అదే వస్తుంది." నాలుగోసారికి కుదిరింది. ఆ నీళ్లల్లో చిన్న చిన్న చేపలుంటాయి, కదలకుండా నిలబడితే వచ్చి కాళ్లు కొరుకుతాయి. మా బాబు వాటితోనే రెండు గంటలు ఆడాడు. చక్కిలిగింతలకి వాడి అరుపులు గొయ్యి మొత్తం మోగాయి.

సాయంత్రానికి ఫిన్స్ చేరాం. తెల్ల ఇసుక, గులకరాళ్లు, మధ్యలో రాతి గుట్టలు, చిన్న చిన్న వంపులు. అక్కడ ఏమీ ఉండదు. నీళ్లు, కరెంటు, బాత్రూం, ఏదీ లేదు. బాత్రూం సంగతి ఎవ్వరూ వీడియోల్లో చెప్పరు గానీ ఆడవాళ్లకి మొదటి ప్రశ్న అదే కదా. సన్నగా పొడుగ్గా నిలబడే టాయిలెట్ టెంట్ దొరుకుతుంది, ఒక చిన్న పార, ఒక చెత్త సంచుల కట్ట. ఈ మూడూ ఉంటే సిగ్గుపడాల్సిన పని లేదు. తాగడానికీ వంటకీ ఇరవై లీటర్ల క్యాన్లు రెండు తీసుకెళ్లాం. కారు గట్టి నేల మీదే ఆపాం, ఇసుకలో దిగబడితే రాత్రిపూట లాగేవాళ్లు ఉండరు.

టెంట్ ఎక్కడ వేయకూడదో ముఖ్యం. ఒమాన్‌లో వాదీలుంటాయి, అంటే ఎండిపోయిన వాగులు. చదునుగా, మెత్తగా, టెంట్ కోసమే చేసినట్టుంటాయి. ఎక్కడో కొండల మీద వాన పడితే, ఇక్కడ చినుకు లేకపోయినా ఆ వాగులో వరద వచ్చేస్తుంది. కాబట్టి వాదీ నోటికి దూరంగా, పోటు నీళ్లు తాకే గీత కన్నా బాగా పైన వేసుకోవాలి. నాచు, చెత్త ఒక గీతలాగా పడి ఉంటుంది చూడండి, నీళ్లు అక్కడి దాకా వస్తాయని గుర్తు.

తిండి గురించి ఎక్కువ చెప్పను, ఆకలేస్తుంది. పులిహోర ఇంటి దగ్గరే కలుపుకుని వెళ్లాను. అది మర్నాటికి కూడా పాడవదు, క్యాంపింగ్ కోసమే పుట్టినట్టుంటుంది. వాళ్లు బొగ్గుల మీద చేప కాల్చారు. కేరళ మసాలా చేప, గుంటూరు పులిహోర కలిపి తిన్నాం, ఎవరూ ఏమీ మాట్లాడలేదు కాసేపు.

ఏడింటికి మా అత్తయ్య వీడియో కాల్ చేశారు. వెనకాల అలల చప్పుడు వినపడుతూనే ఉంది, దాచేది ఏముంది. "అమ్మాయ్, పిల్లల్ని నీళ్లల్లోకి దిగనివ్వమాకండి" అన్నారు. పాప ఫోన్ లాక్కుని, "నానమ్మా, రేపు నేను చేపల్ని చూస్తా" అంది. అత్తయ్య ఏమీ అనలేదు. కొంచెంసేపు పాప మొహం చూసి, "మీ నాన్నకివ్వు" అన్నారు. ఆయన ఫోన్ పట్టుకుని దూరంగా నడుచుకుంటూ వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఆ రాత్రి అల విరిగిన చోటల్లా సన్నటి నీలం వెలుగు. చలికాలంలో ఈ తీరంలో నాక్టిలూకా అనే చాలా చిన్న జీవులు పెరుగుతాయి. నీళ్లు కదిలితే అవి మెరుస్తాయి. ఎక్కువైతే పగటిపూట నీళ్లు పచ్చగా మారి ఏమీ కనపడదు, స్నార్కెలింగ్ చెడిపోతుంది. మా అదృష్టం, అవి కొద్దిగానే ఉన్నాయి. ఫోన్ కెమెరాకి ఏమీ చిక్కలేదు, అందుకే క్లిప్ లేదు.

పొద్దున ఆరున్నరకే లేచాం. గాలి ఇంకా మొదలుకాకముందు నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. అప్పుడే ఒక ఒమానీ పెద్దాయన ఫైబర్ పడవ ఒడ్డుకి లాగుతున్నాడు. హిందీ బాగా వచ్చు. మా ఆయన ఆయనతో కలిసి పడవ లాగి, "మా అమ్మాయి దిగాలి, ఎక్కడ మంచిది?" అని అడిగారు. ఆయన ఇసుక మీద కూర్చుని అలలు చూడమన్నాడు. పది నిమిషాలు ముగ్గురం ఊరికే చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత ఆయన వేలు పెట్టి చూపించాడు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో ఒక చోట మాత్రం విరగడం లేదు, నీళ్లు కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా ఉన్నాయి. నన్నడిగితే అక్కడే దిగుదామనేదాన్ని. ఆయన, "అక్కడ మాత్రం వద్దు" అన్నాడు.

దాన్నే రిప్ కరెంట్ అంటారు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్తాను. ఇది వైజాగ్‌లో, సూర్యలంకలో, మచిలీపట్నం మంగినపూడిలో, ఎక్కడికెళ్లినా పనికొచ్చేదే. అలలు ఒడ్డుకి నీళ్లు మోసుకొస్తాయి. ఆ నీళ్లు తిరిగి వెళ్లాలి కదా. అడుగున ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ పల్లం ఉంటే అక్కణ్నుంచి కాలవ లాగా వెనక్కి పోతాయి. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. అల విరగదు కాబట్టి మంచి చోటులా కనిపిస్తుంది. ఈత రానివాళ్లు, అలలకి భయపడేవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ పాయ బలంగా ఉన్నప్పుడు ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురు ఈదలేడు.

అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకెళ్తుంది. ఒడ్డు దూరమైపోతుంటే భయమేసి ఒడ్డు వైపే ఈదుతాం, అలిసిపోతాం, మునుగుతాం. చెయ్యాల్సింది వేరు. ముందు వెల్లకిలా తేలాలి, ఊపిరి నిలబెట్టుకోవాలి, చెయ్యి ఎత్తి పిలవాలి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయ దాటాక, అలలు విరిగే చోటు నుంచి వాటితో పాటు ఒడ్డుకి రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకకూడదు. తమ్ముణ్ని కాపాడబోయి అన్న కూడా పోయాడనే వార్తలు మనం ఎన్ని చదవలేదు? తేలేది ఏదైనా విసరాలి. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్ చాలు. ఇంకో విషయం, మునిగేవాళ్లు సినిమాల్లోలాగా అరవరు. నోరు నీళ్ల పైకి రావడమే కష్టమైనప్పుడు అరుపు ఎక్కణ్నుంచి వస్తుంది? చాలా నిశ్శబ్దంగా జరిగిపోతుంది. అందుకే పిల్లలు నీళ్లల్లో ఉన్నప్పుడు ఒక పెద్దవాళ్ల కళ్లు నీటి మీదే ఉండాలి. ఆ టైంలో ఫోన్ బ్యాగ్‌లో.

మా ఆయన ఆ చోటు వైపే చూస్తూ, "చిన్నా వాళ్లు దిగింది ఇలాంటి చోటే అయ్యుంటుంది" అన్నారు. "అక్కడ అలలు లేవని దిగార్రా అని బతికొచ్చినవాడు చెప్పాడు. ఇరవై ఏళ్లుగా నాకు ఆ మాట అర్థం కాలేదు."

మన హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. దేశం మొత్తానికీ సునామీ హెచ్చరికలు ఇచ్చేది అక్కణ్నుంచే. ఎత్తైన అలల హెచ్చరికలు, సముద్రం ఎలా ఉండబోతోందో వివరాలు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. సినిమా టికెట్ బుక్ చేసేముందు రివ్యూ చూస్తాం కదా, బీచ్‌కి బయల్దేరే ముందు ఇది చూడండి.

సరే, దిగడం. పెద్దాయన చూపించినట్టు రాతి గుట్ట వెనకాల, అల తాకని వంపులోంచి దిగాం. పాపకి లైఫ్ జాకెట్, కాళ్లకి రబ్బరు బూట్లు. రాళ్ల మధ్య సముద్రపు ముళ్లకాయలుంటాయి, నల్లటి సూదుల బంతుల్లాగా, వట్టి కాళ్లతో తొక్కితే పండగే. ఒంటికి ఫుల్ హ్యాండ్స్ డ్రెస్. బోర్లా తేలుతుంటే వీపు కాలిపోతున్నట్టు తెలియదు, రాత్రికి తెలుస్తుంది. కొల్లం అన్నయ్య ఒక పక్క, నేను ఒక పక్క.

పాప మొహం నీళ్లల్లో పెట్టింది. గొట్టంలోంచి మొదట బుసబుసమని ఊపిరి, తర్వాత నెమ్మదించింది. ఒక నిమిషానికి నా చెయ్యి గట్టిగా నొక్కింది. నేనూ చూశాను. (క్లిప్ ఇదిగో.) పసుపు ఒంటి మీద నల్ల చారల చేపలు గుంపు గుంపులుగా, మమ్మల్ని పట్టించుకోకుండా. ఒక చిలక చేప రాతిని కొరుకుతోంది. కరకర శబ్దం నీళ్లల్లో వినపడుతుంది, నిజంగా. అది పగడపు రాయిని కొరికి, అరిగించుకోలేని పిండిని ఇసుకగా వదిలేస్తుంది. మనం పడుకునే తెల్ల ఇసుకలో కొంత దాని చలవే అని చెప్తే మా బాబు ఇప్పటికీ నవ్వు ఆపడం లేదు. పాప మాత్రం బయటికొచ్చి, చేతులు బారెడు చాపి "ఇంత చేప!" అంది. నీళ్లల్లో మాస్క్ లోంచి చూస్తే ఏదైనా మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది, అది తీసేసి లెక్కేసుకోండి. (నవ్వు) పగడాల్ని ముట్టుకోలేదు, వాటి మీద నిలబడలేదు. అవి చూడ్డానికి రాళ్లే, కానీ ప్రాణమున్నవి. ఏళ్ల తరబడి పెరిగింది మన కాలు తగిలితే విరిగిపోతుంది.

అరగంటకి బయటికొచ్చేశాం. చలికాలం నీళ్లు, పెదాలు నీలంగా మారకముందే రావాలి.

ఒడ్డున మా ఆయన ఖాళీ వాటర్ క్యాన్ చేత్తో పట్టుకుని, మోకాళ్ల దాకా నీళ్లల్లో నిలబడి ఉన్నారు. అరగంటా అలాగే ఉన్నారట. పాప వచ్చి, "నాన్నా, నువ్వూ చూడు, ఇక్కడే చూడొచ్చు, దూరం అక్కర్లేదు" అంది. ఆయన నా వైపు చూశారు. నేను వాజలీన్ డబ్బా ఇచ్చాను. మీసానికి రాసుకుని, మాస్క్ పెట్టుకుని, క్యాన్‌ని కావలించుకుని, నడుం లోతు దాకా వచ్చారు. నడుం లోతు, గుర్తుందిగా. వంగి మొహం నీళ్లల్లో పెట్టారు. ఒక పది సెకన్లు ఉండి లేచారు. ఊపిరి గట్టిగా వస్తోంది. మళ్లీ పెట్టారు. ఈసారి చాలాసేపు లేవలేదు. పాప ఆయన చొక్కా పట్టుకునే ఉంది. లేచాక, "ఏం కనిపించిందండీ?" అని అడిగాను. "ఇసుక" అన్నారు. "ఇసుక మీద ఎండ కదులుతోంది."

ఆ క్లిప్ వేయను. నేను అది తీయలేదు.

వచ్చేముందు ఒక మాట, బొగ్గుల సంగతి. చాలామంది నిప్పు మీద ఇసుక కప్పేసి వెళ్లిపోతారు. పైకి ఆరిపోయినట్టుంటుంది, లోపల గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటుంది, తర్వాత వచ్చిన పిల్లలు అందులో కాలు పెడతారు. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చల్లారాక సంచిలో వేసుకుని తెచ్చుకోండి. మేము మా చెత్తతో పాటు ఎవరివో సీసాలు ఇంకో సంచి నింపుకుని వచ్చాం.

ఇంటికొచ్చాక పాప అత్తయ్యకి వీడియోలన్నీ పంపింది. రెండు గంటల తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఆ పసుపు చేపని మనవైపు ఏమంటారో మీ తాతనడిగి చెప్తా." అంతే ఉంది అందులో.

ఇప్పుడు పాప దైమానియత్ దీవుల గురించి మొదలుపెట్టింది. మస్కట్ నుంచి పడవలో వెళ్లాలి. తొమ్మిది దీవులు, 1996 నుంచి ప్రకృతి రక్షిత ప్రాంతం, పర్మిట్ తీసుకోవాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో దీవుల మీద దిగనివ్వరు, కాబట్టి ఎండలు ముదరకముందే చూసుకోవాలి. మా ఆయన ఇంకా ఏమీ అనలేదు. ఫ్రిజ్ మీద పాత కాగితం మాత్రం తీసేశారు, ఇంకో ఏ-ఫోర్ టేబుల్ మీద ఉంది, రెండు లైన్లు రాసి ఉన్నాయి. చూద్దాం. ఉంటాను మరి.